తిరుపతి నుంచి డల్లాస్‌కు: దూరం ఎంత, అసలు పట్టే సమయం ఎంత

మీరు అడిగింది ఇది: అమ్మానాన్న తిరుపతి నుంచి డల్లాస్‌కు మొదటిసారి వెళ్తున్నారు. దూరం ఒక సైటులో 9,215, ఇంకో దాంట్లో 14,830, మూడో దాంట్లో 8,000 అని కనిపిస్తోంది. సమయం ఒకచోట 17 గంటలు, ఏజెంటు మాటలో 23 గంటలు. టికెట్ చూస్తే చెన్నైలో తెల్లవారుజామున 3:30కి ఎక్కి అదే రోజు సాయంత్రం 4 గంటలకు డల్లాస్‌లో దిగినట్టుంది. ఇందులో ఏది నమ్మాలి, ఇంటి దగ్గర ఎప్పుడు బయల్దేరాలి, చెన్నై మంచిదా హైదరాబాద్ మంచిదా?

మూడు దూరాలూ ఒకటే. 14,830 కిలోమీటర్లు, 9,215 మైళ్లు, 8,000 నాటికల్ మైళ్లు. మైలుకు 1.609 కిలోమీటర్లు, నాటికల్ మైలుకు 1.852. విమానాల వాళ్లు నాటికల్ మైళ్లలో లెక్క వేస్తారు, అమెరికా సైట్లు మైళ్లలో చూపిస్తాయి. రేణిగుంట విమానాశ్రయం నుంచి డల్లాస్ విమానాశ్రయానికి భూమి గుండ్రాన్ని అనుసరించి గీసిన అతి దగ్గరి గీత పొడవు అది. 17 గంటలన్నది కూడా ఆ గీతను గంటకు 870 కిలోమీటర్ల వేగంతో భాగిస్తే వచ్చిన అంకె. ఆ దారిన ఏ విమానమూ తిరగదు కాబట్టి ఆ 17 గంటలతో మీకు పని లేదు.

ఆ గీత ఎటు పోతుందో మాత్రం ఒకసారి చూడండి, మిగతా లెక్కలు సులువుగా అర్థమవుతాయి. తిరుపతి 79.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. భూగోళానికి సరిగ్గా అవతలి వైపు రేఖాంశం 100.5 పడమర. అది టెక్సాస్ మీదుగానే పోతుంది. డల్లాస్ 97 పడమర. అంటే మనకు డల్లాస్ పడమరనా తూర్పునా అంటే ఇంచుమించు రెండూ కాదు, నేరుగా ఉత్తరాన ఉంది! పిల్లల గ్లోబు మీద ఈ రెండు చోట్లకూ దారం బిగించి పట్టుకోండి. హిమాలయాలు, కజకిస్తాన్, సైబీరియా దాటి, ఉత్తర ధ్రువానికి 430 కిలోమీటర్ల దూరంలోంచి పోయి, కెనడా మీదుగా టెక్సాస్‌లోకి దిగుతుంది. గోడమీది పటంలో ఇది కనిపించదు, అందుకే విమానం సీటు ముందున్న తెరలో గ్రీన్‌లాండ్ కనిపిస్తే పెద్దవాళ్లు దారి తప్పిందేమోనని కంగారు పడతారు. ముందే చెప్పి ఉంచండి.

ఇంత దూరం ఆగకుండా ఎగరగల విమానాలు లేక కాదు. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కు 15,300 కిలోమీటర్లు పైగా, 18 గంటలకు పైగా ఒకే విడతలో ఎగురుతున్నాయి. కానీ మన దారిలో హిమాలయాలూ టిబెట్ పీఠభూమీ అడ్డం. క్యాబిన్‌లో గాలి పీడనం పోతే విమానం త్వరగా 10,000 అడుగులకు దిగాలి, అక్కడ కొండలే అంతకంటే ఎత్తు. రష్యా గగనతలం 2022 నుంచి అమెరికా, యూరప్ సంస్థలకు మూసి ఉంది. రోజూ విమానం నిండేంత మంది ఒకే ఊరి నుంచి ఒకే ఊరికి ఉండాలన్న వ్యాపారం లెక్క ఎలాగూ ఉంది. కాబట్టి ఎక్కడో ఒకచోట మారక తప్పదు.

మారే చోటును బట్టి దూరం ఎంత పెరుగుతుందో చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. చెన్నై–దుబాయ్ 2,930 కిలోమీటర్లు, దుబాయ్–డల్లాస్ 12,930, కలిపి 15,860. చెన్నై–లండన్ 8,230, లండన్–డల్లాస్ 7,640, కలిపి 15,870. రెండూ సమానం. దోహా మీదుగా అయితే 16,030. బెంగళూరు నుంచి టోక్యో మీదుగా పోతే 17,000 దాటుతుంది, అయినా గాలిలో ఉండే సమయం దుబాయ్ దారికి దాదాపు సమానంగానే వస్తుంది. కారణం గాలి. 10–12 కిలోమీటర్ల ఎత్తులో పడమర నుంచి తూర్పుకు బలమైన గాలి ప్రవాహం ఉంటుంది, చలికాలంలో గంటకు 150–200 కిలోమీటర్లు కూడా దాటుతుంది. తూర్పుకు పోయే విమానాన్ని అది తోస్తుంది, పడమరకు పోయేదాన్ని ఆపుతుంది. డల్లాస్‌కు వెళ్లేటప్పుడు దుబాయ్ నుంచి 16 గంటలు, వచ్చేటప్పుడు పద్నాలుగున్నర గంటలు పట్టేది అందుకే. కాబట్టి కిలోమీటర్లు చూసి దారి ఎంచుకోకండి.

గాలిలో పట్టే సమయం మీరే అంచనా వేసుకోవచ్చు. దూరాన్ని 850తో భాగించండి, పరుగుదారి మీద నడిచే సమయం కింద ముప్పావు గంట కలపండి. దుబాయ్–డల్లాస్‌కు 12,930ని 850తో భాగిస్తే 15.2, ముప్పావు కలిపితే 16 గంటలు. చెన్నై–దుబాయ్ అయితే నాలుగుంపావు. ఏ సైటైనా దీనికి గంటన్నర, రెండు గంటలు తేడాగా చూపిస్తే ఏదో గగనతలం తప్పించుకుని చుట్టూ పోతోందని అర్థం. పాకిస్తాన్ గగనతలం 2025 ఏప్రిల్‌లో భారతీయ సంస్థలకు మూసుకున్నప్పుడు ఢిల్లీ నుంచి అమెరికా వెళ్లే మన విమానాలకు ఇదే జరిగింది. గల్ఫ్ సంస్థలకు ఆ నిషేధం లేదు. రేణిగుంట–హైదరాబాద్ లాంటి చిన్న ప్రయాణాలకు ఈ లెక్క వాడకండి. 420 కిలోమీటర్లే అయినా గంటా పది, గంటా పావు పడుతుంది.

ఇక మీ టికెట్. తెల్లవారుజామున 3:30కి ఎక్కి సాయంత్రం 4 గంటలకు దిగడమంటే పన్నెండున్నర గంటలు కాదు. టికెట్ మీద ఏ ఊరి సమయం ఆ ఊరిదే వేస్తారు. చెన్నైలో 3:30 అంటే దుబాయ్‌లో 2:00, అక్కడి గడియారం మనకంటే గంటన్నర వెనక. నాలుగుంపావు గంటలు ఎగిరి దుబాయ్‌లో 6:15కి దిగుతారు. 9:00కు డల్లాస్ విమానం, అంటే మధ్యలో రెండుముప్పావు గంటలు. అక్కడినుంచి 16 గంటలు. దుబాయ్ లెక్కలో అర్ధరాత్రి దాటి 1:00, ఎండాకాలంలో డల్లాస్ దుబాయ్ కంటే 9 గంటలు వెనక, కాబట్టి అదే రోజు సాయంత్రం 4:00. కూడండి: 4:15, 2:45, 16:00. మొత్తం 23 గంటలు. ఏజెంటు చెప్పింది సరైనదే.

గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్కటే: మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా డల్లాస్ మనకంటే పదిన్నర గంటలు వెనక, మిగతా నెలల్లో పదకొండున్నర. అదే టికెట్ డిసెంబరులో అయితే దిగేది 3:00కు. ప్రయాణ సమయం మాత్రం మారదు. ఎవరైనా ఎయిర్‌పోర్టుకు కారు తీసుకుని రావాలంటే, ఈ రెండు ఆదివారాలకు అటూ ఇటూ ఉన్న వారంలో సమయం మరోసారి చూసుకోమనండి.

వీటన్నిటికంటే ఎక్కువ మంది పొరపాటు పడేది తేదీ దగ్గర. 15వ తేదీ 3:30 అని టికెట్ మీద ఉంటే, ఇంటి నుంచి బయల్దేరేది 14వ తేదీ రాత్రి. మనకు పొద్దు పొడిస్తే కదా రోజు మారేది! పెద్దవాళ్ల లెక్కలో తెల్లవారుజామున మూడున్నర అంటే ఇంకా ముందురోజు రాత్రే. దానికి తోడు క్యాలెండరులో 15 అని గుర్తు పెట్టుకుని, 15 రాత్రి భోంచేసి బయల్దేరితే, ఎయిర్‌పోర్టు చేరేసరికి విమానం వెళ్లి ఇరవై గంటలు అయ్యుంటుంది. టికెట్ బుక్ చేయగానే ఒక కాగితం మీద "14, ఫలానా వారం, రాత్రి 8 గంటలకు ఇంట్లోంచి" అని తెలుగులో రాసి గోడకు అంటించమని చెప్పండి. విమానం సమయం ఆ కాగితం మీద రాయకండి, ఇల్లు వదిలే సమయం చాలు.

రాత్రి 8 ఎందుకంటే: అంతర్జాతీయ ప్రయాణానికి కనీసం 3 గంటల ముందు కౌంటర్ దగ్గర ఉండాలి. చాలా సంస్థలు విమానానికి గంట ముందే కౌంటర్ మూసేస్తాయి. అంటే 12:30కి మీనంబాక్కంలో, అంటే చెన్నై ఎయిర్‌పోర్టులో ఉండాలి. తిరుపతి నుంచి పుత్తూరు, నగరి, తిరుత్తణి, తిరువళ్లూరు మీదుగా దాదాపు 150 కిలోమీటర్లు, మామూలుగా మూడున్నర గంటలు. ఒక గంట చేతిలో ఉంచుకోవాలి, ఎందుకంటే ఆలస్యం అయ్యేది దారి పొడవునా కాదు, పూందమల్లి దాటాక చివరి 20 కిలోమీటర్లలో. టైరు పంచరైనా ఆ గంటలోనే సర్దుకోవాలి. ఆడికృత్తికకు తిరుత్తణిలో బండి కదలదు, పెరటాసి (సెప్టెంబరు–అక్టోబరుల్లో వచ్చే తమిళ నెల) శనివారాల్లో తమిళనాడు నుంచి కొండకు వచ్చి తిరిగిపోయే బండ్లతో ఈ దారి నిండుతుంది. ఆ రోజుల్లో రెండు గంటలు అదనంగా వేసుకోండి, లేదా ముందురోజే చెన్నై చేరి ఎయిర్‌పోర్టు దగ్గర గది తీసుకోండి.

బస్సులో పోదామనుకుంటే, తిరుపతి నుంచి పోయే బస్సులు చాలావరకు మాధవరంలో ఆగుతాయి. అది ఊరికి ఉత్తరాన, ఎయిర్‌పోర్టు దక్షిణాన. నాలుగు పెట్టెలతో అక్కడ ఆటో వెతుక్కోవడం కష్టం. పగటి విమానమైతే రైలు బాగుంటుంది: చెన్నై సెంట్రల్‌లో దిగితే మెట్రో నీలి లైను నేరుగా ఎయిర్‌పోర్టుకు పోతుంది, ముప్పావు గంట. అర్ధరాత్రి మెట్రో ఉండదని మరిచిపోవద్దు.

చిత్తూరు వాళ్లకు లెక్క వేరు. రాణిపేట, వాలాజా, శ్రీపెరంబుదూరు మీదుగా చెన్నై ఎయిర్‌పోర్టు సుమారు 150 కిలోమీటర్లు, ఊళ్లోకి పోకుండానే చేరవచ్చు. పలమనేరు, ముళబాగిలు, కోలారు మీదుగా హొసకోట చేరి అక్కడ దేవనహళ్లి వైపు తిరిగితే బెంగళూరు ఎయిర్‌పోర్టు 180 దాకా ఉంటుంది, అదీ బెంగళూరు ఊళ్లోకి పోకుండానే. మూడున్నర గంటల్లో రెండూ అందుతాయి కాబట్టి ఏ రోజు ఏ టికెట్ బాగుంటే అది తీసుకోండి. మదనపల్లె వైపు వాళ్లకు చింతామణి మీదుగా బెంగళూరే దగ్గర, చెన్నై గురించి ఆలోచించక్కర్లేదు.

హైదరాబాద్ సంగతి కాస్త జాగ్రత్తగా చూడాలి. పైకి అది సులువుగా కనిపిస్తుంది: రేణిగుంట ఎయిర్‌పోర్టు తిరుపతికి 15 కిలోమీటర్లే, గంటా పావులో శంషాబాద్, అక్కడినుంచి దుబాయ్ చెన్నై కంటే 380 కిలోమీటర్లు దగ్గర కూడా. ఒకే పీఎన్‌ఆర్ (బుకింగ్ నంబరు) మీద రేణిగుంట నుంచి డల్లాస్ దాకా టికెట్ దొరికితే సందేహం లేకుండా తీసుకోండి. రాత్రిపూట రోడ్డు ప్రయాణం తప్పుతుంది, మొదటి విమానం ఆలస్యమైతే తర్వాతి విమానం చూపించే బాధ్యత సంస్థదే. కానీ చాలామంది రేణిగుంట–హైదరాబాద్ వేరుగా, హైదరాబాద్–డల్లాస్ వేరుగా కొంటారు. అక్కడ రెండు చిక్కులు. మొదటిది, చిన్న విమానం రద్దయితే పెద్ద విమానం వాళ్లకు సంబంధం లేదు, మీరు రానట్టే లెక్క, టికెట్ డబ్బులో చాలా భాగం పోతుంది. రెండోది లగేజీ. అమెరికా టికెట్ మీద ఒక్కొక్కరికి మామూలుగా 23 కిలోల పెట్టెలు రెండు, ఇద్దరికీ కలిపి 92 కిలోలు. దేశంలో తిరిగే విమానంలో సాధారణంగా మనిషికి 15 కిలోలే, ఇద్దరికీ 30. మిగిలిన 62 కిలోలకు కిలోకు కొన్ని వందల చొప్పున కట్టాలి. ఆవకాయ, పొడులు, బట్టలు అన్నీ సర్దాక రేణిగుంట కౌంటర్ దగ్గర ఈ మాట వినడం చాలా బాధ. వేరు టికెట్లు తప్పకపోతే ఇద్దరూ ముందురోజే హైదరాబాద్ చేరి, పెట్టెలు రైల్లోనో బస్సులోనో తీసుకుపోవడం నయం.

మీ అమ్మానాన్నకైతే నా సలహా చెన్నై–దుబాయ్ లేదా చెన్నై–దోహా, ఒకే టికెట్. కారు ఒకటి మాట్లాడితే ఇంటి గుమ్మం నుంచి ఎయిర్‌పోర్టు గుమ్మానికి చేరుస్తారు, మారేది ఒక్కచోటే, అమెరికా ఇమిగ్రేషన్ డల్లాస్‌లోనే. తోటి ప్రయాణికుల్లో తెలుగు, తమిళం మాట్లాడేవాళ్లు తప్పకుండా ఉంటారు. ఇందులో లోటు ఆ 16 గంటల విడత. మోకాళ్ల నొప్పులు బాగా ఉన్నవాళ్లకు, కాళ్లు వాచేవాళ్లకు లండన్ దారి శరీరానికి తేలిక, చెన్నై నుంచి 11 గంటలు, తర్వాత పదిన్నర, మధ్యలో నడవడానికి రెండు మూడు గంటలు. చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసాతో విమానాశ్రయం లోపలే మారేవాళ్లకు అక్కడ వేరే ట్రాన్సిట్ వీసా అడగరు. అయితే హీత్రూలో టెర్మినల్ మారాల్సి రావచ్చు, భాష రాని పెద్దవాళ్లు అక్కడ తడబడతారు. ఏ దారైనా రెండు గంటలకోసారి లేచి నడవాలి, నీళ్లు తాగాలి. నాలుగు గంటలు దాటి కదలకుండా కూర్చుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, ఈమధ్య ఆపరేషన్ అయినవాళ్లు టికెట్ కొనేముందే డాక్టరును అడగాలి.

మధ్యలో ఆగే సమయం రెండున్నర నుంచి నాలుగు గంటల మధ్య ఉండేలా ఎంచుకోండి. గంటన్నర కనెక్షన్ సైట్లు అమ్ముతాయి, అది పరిగెత్తగలిగిన వాళ్లకు. అమెరికా విమానాలకు గేటు దగ్గర మళ్లీ తనిఖీ ఉంటుంది, గేటు ముందే మూస్తారు. వీల్‌చెయిర్ టికెట్‌తో పాటే అడగండి, కనీసం 48 గంటల ముందు. నడవగలిగినా అడగండి, ఎందుకంటే దాన్ని తోసే మనిషే గేటు దాకా దారి చూపిస్తాడు, మొదటిసారి వెళ్లేవాళ్లకు అదే పెద్ద సాయం. న్యూయార్క్‌లోనో షికాగోలోనో దిగి మళ్లీ డల్లాస్ విమానం ఎక్కే టికెట్లు చవకగా వస్తాయి కానీ, ఇమిగ్రేషన్ అమెరికాలో మొదట దిగిన చోటే. అక్కడ పెట్టెలు తీసుకుని, కస్టమ్స్ దాటి, తిరిగి అప్పగించాలి. దానికి మూడు గంటలకు తక్కువ ఉంటే కొనకండి. అబుదాబిలో మాత్రం అమెరికా ఇమిగ్రేషన్ అక్కడే ముగించి పంపుతారు, కాబట్టి ఆ మూడు గంటలు అబుదాబిలో కావాలి.

సామానులో గసగసాలు పెట్టొద్దు, యూఏఈలో అవి నిషిద్ధం, మందుల్లో ట్రమడాల్, కోడీన్ ఉన్నవాటికీ అక్కడ కట్టుదిట్టం ఉంది. రోజూ వేసుకునే మాత్రలు డాక్టరు చీటీతో సహా చేతిసంచిలో ఉండాలి. కరివేపాకు, పచ్చి మామిడికాయలు, మాంసం పచ్చళ్లు డల్లాస్‌లో తీసి పారేస్తారు. తినే వస్తువులు ఉన్నాయని ఫారంలోనో అధికారితోనో చెప్పేస్తే పది, ఇరవై నిమిషాల తనిఖీతో పోతుంది, దాస్తే జరిమానా.

ఇంటి నుంచి ఇంటికి చూస్తే: 14వ తేదీ రాత్రి 8కి తిరుపతిలో బయల్దేరితే డల్లాస్‌లో నేల తాకేది మన లెక్కలో 16 తెల్లవారుజామున 2:30కు. ముప్పైన్నర గంటలు. ఇమిగ్రేషన్, పెట్టెలు గంటన్నర నుంచి రెండు గంటలు, మీ ఇంటికి కారులో ముప్పావు గంట. మొత్తం 33 గంటలు. భోజనం, మాత్రలు, షుగరు సూది ఈ 33 గంటలకు లెక్క వేయండి, మాత్రల వేళలు ప్రయాణం అంతా మన సమయంలోనే ఉంచి, చేరాక డాక్టరు చెప్పినట్టు మార్చుకోవచ్చు.

తిరుగు ప్రయాణంలో గడియారం ఎదురు తిరుగుతుంది. శనివారం మధ్యాహ్నం 12కు డల్లాస్‌లో ఎక్కితే, పద్నాలుగున్నర గంటల తర్వాత దుబాయ్‌లో ఆదివారం ఉదయం 11:30. మూడుంపావు గంటలు ఆగి, నాలుగు గంటలు ఎగిరితే చెన్నైలో ఆదివారం రాత్రి 8:15. టికెట్ చూస్తే 32 గంటలు పైన, పట్టింది 21 గంటల 45 నిమిషాలు. శనివారం సాయంత్రం ఎక్కే విమానమైతే సోమవారం తెల్లవారుజామున దిగుతారు, మీనంబాక్కం పంపే కారు తేదీ దానికి తగ్గట్టు చెప్పాలి. నవంబరు, డిసెంబరుల్లో తుపానో కుండపోత వానలో ఉంటే చెన్నై రన్‌వే మూతపడటం ఉంది, 2015లోనూ 2023లోనూ అలాగే జరిగింది. భోగి రోజు తెల్లవారుజామున మంటల పొగ పొగమంచుతో కలిసి విమానాలు దిగలేకపోతాయి, 2018లో బాగా ఇబ్బంది అయింది. జనవరి 13, 14 తేదీల్లో చెన్నైలో దిగాలంటే మధ్యాహ్నం తర్వాత దిగే విమానం చూడండి.